మేలుకి మందు, కీడుకి తిండి

ఓచరు లేని ఖర్చుని నేను సర్వీసులో ఏనాడూ ఒప్పుకోలేదు. ఆడిట్ శాఖలో చేరింది మొదలు రిటైరయ్యేదాకా పంచాయతీలూ మున్సిపాలిటీలూ తిరిగి, వీధిదీపాల బల్బుల దగ్గర్నుంచి కాలవల్లో పూడికతీత దాకా లెక్కలు చూసినవాణ్ణి. పనుల కొలతలు రాసే ఎం-బుక్కులో కొలతకీ బిల్లులో కొలతకీ కాస్త తేడా కనిపిస్తే చాలు, అభ్యంతరం పేరా రాసేసేవాణ్ణి. "ఈయన అత్తారింట్లో భోంచేసినా విస్తరాకులకి లెక్క అడుగుతాడు" అని ఎవరో నా వెనకాల అన్నారని తెలిసి, కోపం రాకపోగా, ఆ మాట ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పుకున్నాను. అంతటి వాణ్ణి నా సొంత ఒంటి దగ్గరికొచ్చేసరికి ఒక్క కాగితం చూడకుండా, ఒక్క సంతకం అడక్కుండా అన్ని బిల్లులూ పాస్ చేసిపారేశాను.

మొదలైంది 2021 మే నెలలో. కోవిడ్ రెండో వేవ్. నాకూ మా ఆవిడకీ ఒకేసారి జ్వరం తగులుకుంది. ఆక్సిమీటరు వేలికి తగిలించుకుని అంకె చూసుకోవడం, చూసిన అంకె మళ్లీ చూసుకోవడం, ఇదే పని. సరిగ్గా అప్పుడే నెల్లూరు జిల్లా కృష్ణపట్నం పేరు రాష్ట్రమంతా మోగిపోయింది. అక్కడ ఆనందయ్య గారు కోవిడ్‌కి ఇచ్చే మూలికల మందు కోసం జనం బారులు తీరారు. ప్రభుత్వం పంపిణీ ఆపించి, ఆయుర్వేద పరిశోధనా మండలి చేత పరిశీలన చేయించి, నెలాఖరుకి మళ్లీ అనుమతి ఇచ్చింది. కోవిడ్ నయమవుతుందనడానికి ఆధారం దొరకలేదు కానీ లోపలికి తీసుకునే మందు వల్ల హాని కూడా కనిపించలేదని ఆ నివేదికల సారాంశం. కంటి చుక్కలకి మాత్రం అప్పుడు అనుమతి రాలేదు. ఈ వివరాలన్నీ పేపర్లో వచ్చాయి. నేను "అనుమతి" అన్న మాట దగ్గర ఆగిపోయాను, మిగతా వాక్యం చదవలేదు.

నెల్లూరు వైపు చుట్టాలు ఎలాగో సంపాదించి పంపారు. వేసుకున్నాను. ఆ వారంలోనే జ్వరం పోయింది. లేచి కూర్చున్నాక ఫోను పట్టుకుని ఊరంతటికీ చెప్పాను, "నా మీద పనిచేసిందండీ, నేనే సాక్ష్యం" అని.

ఆ సాక్ష్యంలో దాచిన సంగతులు ఇప్పుడు చెప్తాను. మందు నా చేతికి వచ్చేనాటికే జ్వరం దిగుముఖం పట్టింది. ఆక్సిజన్ ఎప్పుడూ భయపెట్టేంత కిందికి రాలేదు. అన్నిటికంటే ముఖ్యం, మా ఆవిడ ఆ మందు ముట్టుకోలేదు. "నాకొద్దండీ" అని పారాసెటమాల్ వేసుకుని గోడవైపు తిరిగి పడుకుంది. నాకంటే ముందే లేచింది, నాకు జావ కాచింది కూడా ఆవిడే. ఒకే ఇంట్లో, ఒకే జబ్బుతో, మందు వేసుకున్న మనిషీ వేసుకోని మనిషీ పక్కపక్క మంచాల మీద ఉన్నారు. ఇద్దరు మనుషులతో ఏదీ రుజువు కాదు, నిజమే. కానీ నేను ఒక్కణ్ణే సాక్ష్యం అని చెప్పుకునేటప్పుడు, రెండో మంచాన్ని లెక్కలోంచి తీసేయడం మాత్రం ఆడిట్ భాషలో దాచివేత కిందికి వస్తుంది.

జలుబు మందు వేస్తే వారం, వేయకపోతే ఏడు రోజులు అని నవ్వుకుంటాం. తనంతట తాను తగ్గే జబ్బు ఏదైనా అంతే. పచ్చకామెర్లకి పసరు వేసే ఊళ్లకి పేరు రావడం వెనక సగం కథ ఇదే. కలుషిత నీటితో వచ్చే కామెర్లు ఎక్కువమందికి కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. ఆ తగ్గే రోజుల్లో ఎవరు పసరు పోస్తే వాళ్లకి పేరు. అసలు మనిషి మందు కోసం పరిగెత్తేది జబ్బు ముదిరినప్పుడు. ముదిరాక చాలా బాధలు తగ్గుముఖమే పడతాయి. ఆ తగ్గుదలని చేతికందిన సీసాకి జమ కట్టేస్తాం.

అయినా ఇక్కడితో ఆగితే ఇంత రాయాల్సిన పని లేదు. జ్వరం పోయిన రెండు మూడు నెలలకి జుట్టు రాలడం మొదలైంది. ఈ వయసులో నాకు ఉన్నదే అంతంతమాత్రం. దువ్వెనకి వస్తుంటే ప్రాణం పోయినట్టే ఉండేది. గట్టి జ్వరం తర్వాత ఇలా రాలడం, ఆరేడు నెలల్లో చాలామందికి మళ్లీ దానంతటదే రావడం మామూలేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పార్కులో నాతో నడిచే పెద్దమనిషి "బయోటిన్ వేయండి సార్" అన్నాడు. న్యూజెర్సీలో ఉన్న మా అమ్మాయికి ఫోను చేశాను. "నాన్నా, ఇక్కడ అందరూ వాడతారు" అంది. తను వచ్చినప్పుడు, తిరిగి వెళ్లేటప్పుడు పచ్చళ్లకని సూట్‌కేసులో ఉంచే ఖాళీ నిండా డబ్బాలు తెచ్చింది. అమెరికా నుంచి వచ్చే ప్రతి తెలుగింటి సూట్‌కేసులోనూ ఇవి ఉంటాయి కదా. బయోటిన్ పది వేల మైక్రోగ్రాములు, చేపనూనె, మోకాళ్లకి గ్లూకోజమైన్, యాభై దాటిన మగవాళ్ల మల్టీవిటమిన్. డబ్బా చూస్తేనే సగం బలం వచ్చింది.

జుట్టు మళ్లీ వచ్చింది. రావలసిన సమయానికే వచ్చింది. కానీ జమ బయోటిన్ ఖాతాలో పడింది. బయోటిన్ లోపం ఉన్నవాళ్లకి జుట్టు రాలుతుంది, వాళ్లకి ఇస్తే వస్తుంది. అలాంటి లోపం చాలా అరుదు, ఏళ్ల తరబడి పచ్చి గుడ్డు తెల్లసొన తాగేవాళ్లలాంటి కొద్దిమందికే. పెద్దవాళ్లకి రోజుకి 30 మైక్రోగ్రాముల చుట్టుపక్కల సరిపోతుందని అమెరికా లెక్క. నేను వేసుకునేది దానికి మూడు వందల రెట్లు పైమాటే. మున్సిపాలిటీవాళ్లు 30 బస్తాల సిమెంటు పట్టే పనికి పది వేల బస్తాల బిల్లు పెడితే నేను ఏం చేసేవాణ్ణి?

రెండు విజయాలయ్యాక నన్ను ఆపేదెవరు. వంటింటి గట్టు మీద నా సామ్రాజ్యం పెరిగింది. పొద్దున్నే పరగడుపున తిప్పతీగ రసం, కోవిడ్ నాటి అలవాటు. గొంతుకి మంచిదని మిరియాలూ అతిమధురమూ వేసిన కషాయం. టిఫిను తర్వాత అమెరికా మాత్రలు. మధ్యాహ్నం పసుపు క్యాప్సూలు, అందులో మిరియాల సారం కలిపినది. పసుపులో సారం ఒంటికి బాగా పట్టదు, మిరియాల సారం కలిపితే చాలా రెట్లు ఎక్కువ పడుతుంది అని బెంగళూరు పరిశోధకులు 1998లో చూపించారు. ఆ సంగతి నేను గొప్పగా చెప్పేవాణ్ణి. ఒంటికి అన్ని రెట్లు ఎక్కువ పట్టేది ఇక మన కూరలో పసుపు కాదు కదా అని మాత్రం తోచలేదు. రాత్రి పాలల్లో అశ్వగంధ. "ఏమండీ, మీరు టిఫిను తిని మాత్రలు వేసుకుంటున్నారా, మాత్రలు తిని టిఫిను వేసుకుంటున్నారా?" అనేది మా ఆవిడ.

"ఇవి మందులు కావే, బలానికి" అనేవాణ్ణి.

నా తెలివితక్కువంతా ఈ ఒక్క మాటలో ఉంది. ఎవరైనా "వీటివల్ల ఏం లాభం?" అంటే, నాకు ఇవి మందులు. జుట్టు తెప్పిస్తాయి, మోకాళ్లు లాగనివ్వవు, జబ్బు రానివ్వవు. "వీటివల్ల నష్టమేమీ లేదా?" అంటే, ఇవి తిండి. తిప్పతీగ ఆకే కదా, పసుపు పసుపే కదా, విటమిన్ అన్నాక పళ్లల్లో ఉండేదే కదా. ఒకే సీసాకి రెండు ఖాతాలు తెరిచాను. మేలు వస్తే మందు ఖాతాలో జమ, కీడు సంగతి ఎత్తితే తిండి ఖాతాలోకి బదిలీ. ఏ పంచాయతీ కార్యదర్శి అయినా ఒకే పద్దుని రెండు రిజిస్టర్లలో ఇలా చూపిస్తే సస్పెన్షన్‌కి రాసేవాణ్ణి. ఒంటిలో ఏదో ఒకటి మార్చగల శక్తి ఉన్న పదార్థం, మార్చకూడనిది కూడా మార్చగలదు. అంత శక్తి లేదంటే మేలూ లేదు.

సిగ్గుచేటు ఏమిటంటే, ఈ సంగతి నేనే నలుగురికి ఉపన్యాసంగా చెప్పాను. మా వాకర్స్ సంఘంలో జనవరి 12న యల్లాప్రగడ సుబ్బారావు గారి జయంతి చేస్తాం, మన భీమవరంలో పుట్టిన మనిషి కదా. నేనే వక్తని. అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుజబ్బుతో పోవడం, ఆయనకీ అది పట్టడం, అమెరికా వెళ్లి లెడర్లీ సంస్థలో చేరడం, 1945 నాటికి ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని ప్రయోగశాలలో తయారు చేయడం. ఆ విటమిన్ ఎందరి రక్తహీనతనో బాగుచేసింది. అదే ఫోలిక్ యాసిడ్‌కి దగ్గరి రూపాల్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్త క్యాన్సరున్న పిల్లలకి ఇచ్చి చూశాడు. తగ్గడానికి బదులు జబ్బు జోరందుకున్నట్టు కనిపించింది. మంచి కణాలకి బలమిచ్చే విటమిన్ చెడ్డ కణాలకీ బలమిస్తుంది, దానికి మొహం గుర్తుండదు. దాంతో ఆ విటమిన్‌కి అడ్డుపడే పదార్థం చేసివ్వమని సుబ్బారావు గారి బృందాన్ని అడిగితే అమినోప్టెరిన్ వచ్చింది. 1948లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల్లో 16 మంది పిల్లల్లో 10 మందికి, కొంతకాలమే అయినా, జబ్బు వెనక్కి తగ్గింది. కీమోథెరపీ చరిత్రలో అదొక మైలురాయి. ఇంత కథ గొంతు జీరబోయేలా చెప్పి, చప్పట్లు కొట్టించుకుని, కాఫీతో రెండు విటమిన్ మాత్రలు మింగి ఇంటికొచ్చాను. మైకు ముందున్న మనిషి మాట మైకు వెనకున్న మనిషికి వినపడలేదు.

ఆ రోజుల్లోనే మోకాళ్ల నొప్పికి ఒక డాక్టరుగారు డి విటమిన్ పొడి రాశారు. 60 వేల యూనిట్ల పొట్లం, వారానికి ఒకటి, కొన్ని వారాలు వాడి ఆపేయమన్నారు. నొప్పి కొంచెం తగ్గినట్టనిపించింది. వారానికి ఒకటి ఇంత చేస్తే రోజు విడిచి రోజు వేస్తే ఎంత చేయాలి? లెక్కల్లో నా అంతటివాడు లేడు కదా. చీటీ చూపించమనే షాపు లేదు మా వీధిలో, డబ్బులిస్తే చాలు. రోజుకి సగటున 30 వేల యూనిట్లు పడుతున్నాయి. మామూలు పెద్దవాళ్లు సొంతంగా వేసుకోవడానికి రోజుకి 4,000 దాటకూడదని అమెరికా నిపుణుల సంఘం 2010లో పెట్టిన హద్దు. సి విటమిన్, బి విటమిన్లు ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతాయి. ఎ, డి, ఇ, కె కొవ్వులో కరిగేవి. డి విటమిన్ ఎక్కువైతే చాలావరకు ఒంట్లోనే నిల్వ పడుతుంది.

దాహం మొదలైంది. రాత్రిళ్లు పదేపదే లేవడం. అన్నం సయించకపోవడం, మలబద్ధకం. "వేడి చేసిందిరా" అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. చలవకి సబ్జా గింజలు, బార్లీ నీళ్లు. కడుపు కదలడానికి త్రిఫల చూర్ణం. ఎముకల బలానికి పనిలో పనిగా కాల్షియం మాత్ర. డి విటమిన్ మితిమీరి ఒంట్లో కాల్షియం పెరిగితే సరిగ్గా ఈ బాధలే వస్తాయి. నేను ఆ మంట మీద ఇంకో కాల్షియం మాత్ర పోశాను. ఒక సీసా తెచ్చిన బాధకి ఇంకో సీసా, దాని బాధకి మరొకటి. గట్టు మీద చోటు చాలక చిన్న స్టూలు వేసుకున్నాను.

పండగకి తగ్గింపు అని ఒక ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీ తీసుకున్నాం. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లారు, సాయంత్రానికి ఫోనులో రిపోర్టు. చూద్దును కదా, ఎర్ర అక్షరాలే. థైరాయిడ్ పరీక్షల్లో టీఎస్‌హెచ్ అట్టడుగున ఉంది, టీ4 పైకి తన్నుకుపోయింది. ఇంటర్నెట్లో చూస్తే థైరాయిడ్ విపరీతంగా పనిచేస్తోందని. ఆ రాత్రి నిద్ర లేదు. పడుకునే ముందు అశ్వగంధ ఒక చెంచా ఎక్కువ వేసుకున్నానని కూడా చెప్పాలి.

మర్నాడు హార్మోన్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. మా అమ్మాయి వయసుంటుంది.

"మందులేమైనా వాడుతున్నారా అండీ?" అంది, రిపోర్టులోంచి తలెత్తకుండా.

"బీపీ మాత్ర ఒక్కటేనమ్మా. ఇంకేం లేవు."

నేను అబద్ధమాడలేదు, నిజంగానే అలా అనుకున్నాను. తిండి ఖాతాలో ఉన్నవాటిని మందుల లెక్కలో ఎవరు చెప్తారు? డాక్టరమ్మ నాడి పట్టి చూసింది. చేతులు ముందుకి చాపమని, వేళ్లు వణుకుతున్నాయేమో చూసింది. మెడ తడిమింది.

"బరువు తగ్గారా?"

"లేదమ్మా."

"గుండె దడ? విరేచనాలు ఎక్కువసార్లు అవుతున్నాయా?"

"విరేచనాలా! అంత అదృష్టం కూడానా."

ఆవిడ కాగితం కింద పెట్టింది. "రిపోర్టులో ఉన్న మనిషి పరిగెడుతున్నాడు, ఎదురుగా ఉన్న మనిషి నిమ్మళంగా కూర్చున్నాడు. విటమిన్లు, ఆయుర్వేదం, జుట్టుకి మాత్రలు, ఇలాంటివి ఏమైనా?"

నేను "అవి మందులు కావమ్మా" అనేలోపే మా ఆవిడ కూరల సంచీ బల్ల మీద పెట్టింది. "ఈయన చెప్పరని నాకు తెలుసమ్మా, అన్నీ తెచ్చాను" అని ఒక్కొక్కటీ తీసి వరసగా నిలబెట్టింది. చివర్లో త్రిఫల డబ్బాకి చోటు లేక ఒళ్లో పెట్టుకుంది. కాంపౌండరు కుర్రాడు తలుపు సందులోంచి చూసి నవ్వు ఆపుకోలేక లోపలికి పోయాడు.

డాక్టరమ్మ చెయ్యి తిన్నగా బయోటిన్ డబ్బా మీదికి వెళ్లింది. "ఇదీ మీ థైరాయిడ్" అంది.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైన మేరకు ఇది. హార్మోన్లు కొలిచే చాలా యంత్రాల్లో పరీక్ష పదార్థాలని ఒకదానికొకటి అంటించడానికి బయోటిన్‌నే జిగురులా వాడతారు. నా రక్తంలోనే బయోటిన్ పొంగిపొర్లుతుంటే, అది వెళ్లి ఆ జిగురు అంటాల్సిన చోట్లన్నీ ముందే ఆక్రమించుకుంటుంది. యంత్రానికి అందాల్సిన సంకేతం తగ్గిపోతుంది. టీఎస్‌హెచ్ పరీక్షలో సంకేతం తగ్గితే హార్మోన్ తక్కువుందని లెక్క. టీ4 పరీక్ష తిరగేసిన పద్ధతి, అందులో సంకేతం తగ్గితే హార్మోన్ ఎక్కువుందని లెక్క. రెండు తప్పులూ కలిసి అచ్చం థైరాయిడ్ జబ్బులా కనిపిస్తాయి. గుండెపోటుని పట్టే ట్రోపోనిన్ పరీక్ష కూడా కొన్ని యంత్రాల్లో ఇలాగే తక్కువ చూపిస్తుంది. 2017 నవంబరులో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ సంగతి మీద హెచ్చరిక జారీ చేసింది. అలా తప్పు ఫలితం వచ్చిన ఒక రోగి చనిపోయిన సంగతి కూడా అందులో ఉంది.

"మీరు చెప్పిన మాట నమ్మి నేను థైరాయిడ్ తగ్గించే మాత్ర రాసుంటే, శుభ్రంగా పనిచేస్తున్న గ్రంథిని అణగదొక్కేవాళ్లం" అంది.

తర్వాత పొడి పొట్లాలు పట్టుకుంది. డి విటమిన్ రిపోర్టులో ఆకాశాన్నంటింది. ఆ అంకెని కూడా బయోటిన్ చెడగొట్టి ఉండొచ్చట. కానీ కాల్షియం పరీక్షకి ఆ జిగురుతో పని లేదు. కాల్షియం నిజంగానే హద్దు దాటింది. ఇంకొన్నాళ్లు ఇలాగే సాగితే కిడ్నీలకి ఎసరు అంది. అతిమధురం చూపించి, బీపీ ఉన్నవాళ్లు దీన్ని రోజూ తాగితే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది అంది. ఆ మధ్య నా బీపీ మాత్ర డోసు పెంచిన సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. లివర్ ఎంజైములు కూడా కొంచెం పైకున్నాయి. తిప్పతీగ వాడినవాళ్లలో లివర్ దెబ్బతిన్న కేసుల్ని 2021లో ముంబై డాక్టర్లు ప్రచురించారు, ఆయుష్ మంత్రిత్వ శాఖ దాన్ని ఒప్పుకోలేదు, ఆ తర్వాత వేర్వేరు ఆసుపత్రుల వాళ్లు కలిసి మరిన్ని కేసులు బయటపెట్టారు. అశ్వగంధతోనూ, పసుపు సారం క్యాప్సూళ్లతోనూ అలాంటివి నమోదయ్యాయి. ఎక్కువమందికి ఏమీ కాదు, కొద్దిమందికి పడదు, ఎవరికి పడదో ముందు చెప్పలేం.

"మరి నాకు పడనిది ఏదమ్మా?"

"ఎలా చెప్పమంటారు? అన్నీ కలిపి వేశారుగా."

నా ఉద్యోగం మొత్తంలో నా మీద ఎవరూ ఇంత పొట్టి ఆడిట్ పేరా రాయలేదు. అన్నీ ఒకేసారి నోట్లో వేసుకుంటే మేలు చేసింది ఏదో తేలదు, కీడు చేసింది ఏదో తేలదు.

అన్నీ ఆపేశాం. కొద్దిరోజులాగి మళ్లీ రక్తం ఇస్తే థైరాయిడ్ నిక్షేపంలా ఉంది. కాల్షియం దారికి రావడానికి మాత్రం చాలాకాలం పట్టింది, కొవ్వులో దాచిన సరుకు అంత తేలిగ్గా ఖాళీ అవదు. నీళ్లు తాగుతూ, పరీక్షలు చేయించుకుంటూ గడిపాను. ఆ ఖాళీ రోజుల్లో డబ్బాలన్నీ మళ్లీ ముందేసుకుని, భూతద్దం పెట్టుకుని, చేయాల్సిన ఆడిట్ అప్పుడు చేశాను.

అమెరికా డబ్బా మీద నక్షత్రం గుర్తు కింద ఒక వాక్యం ఉంది. ఈ మాటల్ని ఎఫ్‌డీఏ పరిశీలించలేదు, ఏ జబ్బునీ కనిపెట్టడానికి గానీ నయం చేయడానికి గానీ రాకుండా ఆపడానికి గానీ ఇది ఉద్దేశించింది కాదు అని. నేనేమో అమెరికా సరుకు అంటే ఎఫ్‌డీఏ ముద్రపడి వచ్చిందనుకున్నాను. 1994లో చేసిన చట్టం ప్రకారం అక్కడ ఈ సరుకు అమ్మే ముందు పనిచేస్తుందని ఎవరికీ రుజువు చూపనక్కర్లేదు. మన డబ్బా మీద ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల లైసెన్సు నంబరు, దాని దగ్గర్లోనే "వైద్య అవసరాలకు కాదు" అని ఇంగ్లీషులో. 2016 నిబంధనల ప్రకారం ఆ మాట వేసి తీరాలి. ఆ నంబరు ఆహారం అమ్ముకునే లైసెన్సు, మందుకి ఇచ్చే అనుమతి కాదు. ఆయుర్వేద సీసాకి 1940 నాటి ఔషధ చట్టం కింద లైసెన్సు ఉంటుంది నిజమే, కానీ పాత గ్రంథాల్లో ఉన్న యోగమైతే గ్రంథమే ఆధారం, కొత్తగా మనుషుల మీద పరీక్షించి చూపించాల్సిన పని లేదు. లైసెన్సు ఉండటం వేరు, పనిచేయడం వేరు. దుకాణానికి ట్రేడ్ లైసెన్సు ఉన్నంత మాత్రాన తక్కెడ సరైనదని నేను ఎప్పుడైనా రాశానా? షుగరు, బీపీ, ఊబకాయం లాంటి 54 జబ్బులు నయం చేస్తామని ప్రకటించకూడదని 1954లోనే చట్టం ఉంది. ఆ చట్టం నాకు తెలుసు. ఆ చట్టానికి దొరక్కుండా "సహాయపడుతుంది", "తోడ్పడుతుంది" అని రాసిన ప్రకటన చూసి డబ్బు కట్టింది కూడా నేనే.

ఇక "నా మీద పనిచేసింది" అన్న సాక్ష్యం సంగతి. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టరు, చిగుళ్లు కుళ్లి నీరసించిపోయిన 12 మంది నావికుల్ని తీసుకుని, అందరికీ ఒకే తిండి పెట్టి, ఇద్దరిద్దరికి ఒక్కో చికిత్స ఇచ్చాడు. నారింజ, నిమ్మ తిన్న జత లేచి పనిలోకి వచ్చింది. రెండో మంచం మీద ఏం జరిగిందో చూడాలన్న బుద్ధి అతనికి ఉంది. అంత పాత సంగతి ఎందుకు, ఫిన్లండ్‌లో పొగతాగే 29 వేలమంది మగవాళ్లతో చేసిన పరీక్ష ఫలితం 1994లో వచ్చింది. క్యారెట్లో ఉండే బీటా కెరోటిన్ క్యాన్సరుని ఆపుతుందని అప్పట్లో పెద్దపెద్దవాళ్లే ఆశపడ్డారు. మాత్ర వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది. ఆ పోలిక పెట్టకపోయి ఉంటే, వేసుకుని బాగున్నవాళ్లంతా "నా మీద పనిచేసింది" అని చెప్పుకుంటూ తిరిగేవాళ్లే. జబ్బు పడ్డవాళ్లు సిగరెట్టుని తిట్టుకునేవాళ్లు.

దీనర్థం అన్నీ మోసమని కాదు. గర్భిణులకి ఫోలిక్ యాసిడ్ ఇస్తే బిడ్డకి వెన్నెముక లోపాల ముప్పు తగ్గుతుంది, అది గట్టిగా రుజువైంది. షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లకి బి12 పడిపోవచ్చు, వాళ్లకి అది కావాలి. నాకు మొదట రాసిన డి విటమిన్ కూడా సరైన చీటీయే. రాసిన విధంగా వాడి ఆపేసి ఉంటే ఈ స్వగతం ఉండేది కాదు. లోపం ఉందా, ఎంత మోతాదు, ఎన్నాళ్లు, వేరే మాత్రలతో పేచీ ఉందా, ఈ నాలుగూ అడిగేది మందు ఖాతాలో. ఆ ఖాతాలో రాయడానికి ఒప్పుకున్నప్పుడే మేలు మాట ఎత్తాలి.

మొన్న మా బావమరిది ఒక నల్లటి రసం సీసా పట్టుకొచ్చాడు. ఏదో గొలుసు వ్యాపారంలో చేరాడట. షుగరుకీ, మోకాళ్లకీ, నిద్రకీ అన్నిటికీ ఒకటే.

"సైడ్ ఎఫెక్టులు ఉండవు బావగారూ. ఇది మందు కాదు, ప్రకృతి."

"షుగరు తగ్గిస్తుందన్నావు?"

"అబ్బో, బ్రహ్మాండంగా."

"నువ్వు రోజూ షుగరు మాత్ర వేసుకుంటావు కదా. దానికి తోడు ఇది కూడా బ్రహ్మాండంగా తగ్గిస్తే నువ్వు కళ్లు తిరిగి పడిపోవూ? పడిపోవంటే ఇది తగ్గించట్లేదన్నమాట. రెండిట్లో ఏది రాసుకోమంటావు?"

కాసేపు నా మొహంలోకి చూశాడు. "మీరు మారిపోయారు బావగారూ. మీకు నమ్మకం ఉండాలి" అన్నాడు. ఆ మాట వాడిది కాదు, నాది. 2021లో ఫోనులో ఊరందరికీ నేను చెప్పిందే. అందుకని వాణ్ణి గట్టిగా ఏమీ అనలేకపోయాను. షుగరు డాక్టరుకి ఈ సీసా చూపించాకే మూత తియ్యమని మాట తీసుకుని పంపించాను. మాట నిలబెట్టుకున్నాడో లేదో తెలీదు.

ఇప్పుడు నా జేబులో ఒక కాగితం ఉంటుంది. నోట్లోకి వెళ్లే ప్రతి మాత్ర, పొడి, కషాయం పేరూ మోతాదూ అందులో రాస్తాను, ఏ డాక్టరు దగ్గరికెళ్లినా అడక్కముందే ఇస్తాను. ప్రస్తుతం అందులో రెండే పద్దులున్నాయి. మిరియాల చారు రాయను, అది నిజంగా తిండే. జలుబు చేసినప్పుడు తాగితే హాయిగా ఉంటుంది, జలుబు తగ్గిందని మాత్రం దాని పేరున జమ కట్టను.

ఆ డబ్బాలన్నిటి మీదా పోసిన మొత్తం ఎంతో కూడా లెక్క కట్టాను. రూపాయలూ డాలర్లూ విడివిడిగా వేసి కూడాను, రెండుసార్లు సరిచూశాను. ఆ అంకె ఇక్కడ రాయను. ఈ పత్రిక మా ఇంటికి కూడా వస్తుంది, మా ఆవిడ మొదటి పేజీ నుంచి చివరిదాకా చదువుతుంది.